ఉచిత కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది?

మన క్యాంటీన్‌లో 'ఫ్రీబీస్' అనే మాట ఎవరైనా ఎత్తితే చాలు, ఐదు నిమిషాల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు "మన ట్యాక్సులతో ఓట్లు కొనుక్కుంటున్నారు" అంటుంది. ఇంకో జట్టు "కంపెనీలకి మాఫీ చేస్తే ప్రోత్సాహకం, రైతుకి ఇస్తే ఉచితమా?" అంటుంది. రెండూ వాట్సాప్‌లో రెడీమేడ్‌గా దొరికే మాటలే. నాకు నచ్చని విషయం ఏంటంటే, ఇద్దరిలో ఎవరూ ఒక్క పథకాన్ని పట్టుకుని అది ఎలా పని చేస్తుందో విప్పి చూడరు. ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే కోడ్ చదవాలి కదా, హెడ్డింగ్ చూసి చెప్పలేం.

అందుకని ఈసారి మన మ్యాగజైన్ కోసం ఒకే ఒక్క పథకం తీసుకున్నాను. వ్యవసాయానికి ఉచిత కరెంటు. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మార్కెట్ సంస్కరణలు ఒకవైపు, జనాకర్షక రాజకీయాలు ఇంకోవైపు నేరుగా ఢీకొన్న చోటు మన రాష్ట్రంలో ఇదే. ముగ్గురు ప్రాణాలు కూడా పోయాయి. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే మనం అప్పటికి పుట్టలేదు.

ముందు లెక్క చూద్దాం. బోరు మీద 5 హార్స్‌పవర్ మోటారు ఉందనుకోండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, కాబట్టి మోటారు మొత్తం 3.73 కిలోవాట్లు. రోజుకి ఏడు గంటలు నడిస్తే దాదాపు 26 యూనిట్లు. ఏడాదిలో 150 రోజులు నడిపారనుకుంటే సుమారు 3,900 యూనిట్లు. యూనిట్‌కి ఆరు రూపాయలు ఖర్చు అని ఊహించుకుంటే (ఇది నా ఊహే, అధికారిక లెక్క కాదు) 23,400 రూపాయలు. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో మీటర్లు లేకుండా హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల స్లాబ్ ఉండేది. అంటే ఇదే మోటారుకి ఏడాదికి 250 రూపాయలు. యూనిట్‌కి ఆరున్నర పైసలు కూడా కాదు. ఆ రోజుల్లో యూనిట్ ఖర్చు తక్కువే, ఒప్పుకుంటాను. అయినా ఆరున్నర పైసలకి కరెంటు ఏ రోజుల్లోనూ తయారవ్వలేదు.

ఇక్కడ రేటు తక్కువ అన్న దానికంటే మీటరు లేదు అన్నదే పెద్ద విషయం. మోటారు రోజుకి రెండు గంటలు నడిపినా పది గంటలు నడిపినా బిల్లు ఒకటే. రైతు వైపు నుంచి చూస్తే ఇంకో గంట నడపడానికి అయ్యే ఖర్చు సున్నా. కరెంటు సంస్థ వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. మీటరు లేదు కాబట్టి పొలాలకి ఎంత కరెంటు పోయిందో ఎవరికీ తెలియదు. తెలియని చోట ఏదైనా రాసుకోవచ్చు. ఫ్యాక్టరీ వాడు దొంగిలించిన కరెంటు, పాత తీగల్లో వేడిగా పోయిన కరెంటు, లైన్‌మన్ చూసీ చూడనట్టు వదిలేసిన కరెంటు, అన్నీ 'వ్యవసాయం' అనే ఖాతాలో పడేయొచ్చు. ఎర్రర్లన్నీ ఒకే క్యాచ్ బ్లాకులో పడేసి లాగ్ రాయకపోవడం లాంటిది. చాలా ఏళ్ళు మన విద్యుత్ బోర్డు అలాగే నడిచింది. సంస్కరణల టైమ్‌లో లెక్కలు తిరగేస్తే అసలు నష్టాలు అప్పటిదాకా చెప్పినదానికంటే బాగా ఎక్కువని బయటపడింది. రైతు మీద పడిన నింద మొత్తం రైతుది కాదన్నమాట.

ఇప్పుడు కథలోకి మార్కెట్ వస్తుంది. 1991 తర్వాత దేశమంతా మారుతోంది, కానీ రాష్ట్రాల స్థాయిలో సంస్కరణల్ని నెత్తికెత్తుకున్న ముఖ్యమంత్రి అంటే అందరూ చెప్పే పేరు చంద్రబాబు నాయుడుదే. ప్రపంచ బ్యాంకు అప్పు, మెకిన్సే తయారుచేసిన విజన్ 2020, 1998లో హైటెక్ సిటీ. అదే ఏడాది విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని ముక్కలు చేశారు. ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకి ట్రాన్స్‌కో. ఆ మరుసటి ఏడాది పంపిణీకి నాలుగు డిస్కంలు. రేట్లు నిర్ణయించే పని ముఖ్యమంత్రి చేతిలోంచి తీసి రెగ్యులేటరీ కమిషన్‌కి ఇచ్చారు. ఐడియా అర్థమైందా? రాజకీయ నాయకుడి చేతిలో రేటు ఉంటే ఎన్నికల ముందు తగ్గిస్తాడు, కాబట్టి అతని చేతిలో ఉంచొద్దు. కాగితం మీద చాలా శుభ్రమైన డిజైన్. మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో చెప్పే మాడ్యులారిటీ అచ్చంగా ఇదే.

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చాడు. ప్రపంచ పత్రికల్లో సైబరాబాద్ ఫొటోలు. అదే ఏడాది వేసవి దాటేసరికి కొత్త కమిషన్ మొదటి టారిఫ్ ఆర్డరు, పెరిగిన కరెంటు చార్జీలు. వామపక్షాలు, కాంగ్రెస్ రోడ్డెక్కాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీ. బషీర్‌బాగ్ దగ్గర ఊరేగింపుని ఆపారు, లాఠీలు, నీళ్ళ ఫిరంగులు, గుర్రాలు, చివరికి కాల్పులు. ముగ్గురు చనిపోయారు. ఇప్పటికీ అక్కడ వాళ్ళ స్మారకం ఉంది. మెట్రో కోసమో సినిమా కోసమో ఆ దారిన వెళ్ళేటప్పుడు చూడండి, కనిపిస్తుంది.

నేను దీని గురించి చదివినప్పుడు ఆలోచించింది ఇది: కరెంటు రేటు పెరగడం ఒక్కటే అయితే జనం ఇంతదాకా వెళ్తారా? రేటు పెంచింది ఎవరు అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. ఎమ్మెల్యే పెంచితే ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళి అడగొచ్చు. కమిషన్ పెంచితే ఎక్కడికి వెళ్ళాలి? కమిషన్ బహిరంగ విచారణలు పెట్టిన మాట నిజమే, వాటిలో మంచి ప్రశ్నలు అడిగినవాళ్ళూ ఉన్నారు. కానీ ఊళ్ళో రైతుకి టారిఫ్ ఫైలింగ్ అంటే ఏం తెలుస్తుంది? అతనికి తెలిసిన ఇంటర్‌ఫేస్ ఒక్కటే, ఓటు. ఆ ఓటు 2004లో పడింది.

మధ్యలో వరస కరువులు వచ్చాయి. 2003 ఎండాకాలంలో రాజశేఖర రెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఉచిత కరెంటు ఇస్తామన్నారు. 294 సీట్లలో తెలుగుదేశానికి 47 మిగిలాయి, కాంగ్రెస్‌కి 185. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో ప్రమాణం చేసి అక్కడే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. పాత బకాయిల మాఫీ కూడా.

పేపర్లలో ఇక్కడితో కథ ముగుస్తుంది. మార్కెట్ ఓడింది, జనం గెలిచారు. లేదా, మీరు ఇంకో జట్టు అయితే, అభివృద్ధి ఓడింది, ఓటుబ్యాంకు గెలిచింది. నిజంగా ఏం జరిగిందో చూస్తే రెండూ కాదు. కొత్త ప్రభుత్వం విద్యుత్ బోర్డుని తిరిగి అతికించలేదు. జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలు, కమిషన్, అన్నీ అలాగే ఉన్నాయి. సంస్కరణల చట్టాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అలాగే 2004 తర్వాత ఏ పార్టీ కూడా ఉచిత కరెంటు తీసేస్తామని అనలేదు. చంద్రబాబు గారి పార్టీ కూడా తర్వాతి ఎన్నికల్లో నగదు బదిలీ, రుణమాఫీ అని మాట్లాడింది. సంస్కరణల మీద ఉచితం వచ్చి కూర్చుంది, రెండూ కలిసి కాపురం చేస్తున్నాయి.

ఆ కాపురం ఎలా సాగుతోందంటే, 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ఒక మాట చెబుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా సబ్సిడీ ఇవ్వదలుచుకుంటే ఆ డబ్బు డిస్కంకి ముందుగానే కట్టాలి. సంస్కరణవాదులకి, రాజకీయ నాయకులకి మధ్య రాజీ అన్నమాట. "నువ్వు ఎవరికైనా ఉచితంగా ఇచ్చుకో, కానీ బిల్లు నీ పేరు మీద వస్తుంది." చాలా తెలివైన సెక్షన్. సమస్య ఏంటంటే ప్రభుత్వాలు ఆ బిల్లు ఆలస్యంగా కడతాయి, కొంచెం కడతాయి. డిస్కం బ్యాంకులో అప్పు చేస్తుంది. కొంత భారం ఫ్యాక్టరీల మీదకి, షాపుల మీదకి ఎక్కువ రేటుగా వెళ్తుంది. 2015లో కేంద్రం ఉదయ్ అనే పథకం తెచ్చి, చేరిన రాష్ట్రాలు తమ డిస్కంల అప్పులో 75 శాతం తమ నెత్తిన వేసుకోవాలంది. తర్వాత మళ్ళీ అప్పులు పేరుకున్నాయి. ఇది మెమరీ లీక్. రీస్టార్ట్ చేస్తే కొన్నాళ్ళు బాగుంటుంది.

ఇంతవరకు చదివి "చూశావా, అందుకే ఉచితాలు వద్దన్నాం" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. గోదావరి డెల్టాలో కాలవ కింద వరి పండించే రైతు నీళ్ళకి ఎంత కడుతున్నాడు? ఎకరానికి కొన్ని వందల రూపాయల నీటి తీరువా, అది కూడా సరిగా వసూలు కాదు. ఆనకట్ట కట్టింది ప్రభుత్వం, కాలవ తవ్వింది ప్రభుత్వం, పూడిక తీసేది ప్రభుత్వం. దాన్ని ఎవరూ ఫ్రీబీ అనరు. 'సాగునీటి ప్రాజెక్టు' అంటారు. అనంతపురం, నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి మెట్ట ప్రాంతాల్లో రైతు బోరు తన డబ్బుతో వేసుకుంటాడు. కేసింగ్ పైపు తనది, మోటారు తనది, అది కాలితే వైండింగ్ ఖర్చు తనది, నీళ్ళు పడకపోతే ఆ అప్పు కూడా తనదే. అతనికి ప్రభుత్వం ఇచ్చేది ఆ కరెంటు ఒక్కటే. ఈ కోణంలో చూస్తే ఉచిత కరెంటు దానం కాదు, కాలవ రానందుకు ఇచ్చే పరిహారం. ఈ వాదన నాకు చాలా బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే మా అమ్మ వాళ్ళ ఊరు అనంతపురం జిల్లాలో ఉంది.

కానీ ఈ వాదన ఎక్కడ తెగిపోతుందో కూడా ఆ ఊళ్ళోనే కనిపించింది. మా తాతకి నాలుగెకరాల చీనీ తోట ఉండేది. అనంతపురం అంటే దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. చీనీ చెట్టుకి ఏడాది పొడుగునా నీళ్ళు కావాలి. మొదటి బోరు 180 అడుగుల్లో పడిందని చెప్తారు. రెండోది 400. మూడోదానికి కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించారు. ఆయన చెప్పిన చోట 700 అడుగులు దింపితే దుమ్ము వచ్చింది. పక్క చేనాయన మాత్రం అప్పటికే 900 దాకా వెళ్ళాడు. రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అందరికీ ఆటో స్టార్టర్లు. కరెంటు వచ్చిన సెకనుకి ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి మొదలయ్యేవి. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేక కాలిపోయేది. చెట్లు కొట్టేసి అమ్మేశాక నేను అడిగాను, "ఏం తాతా, కరెంటు ఫ్రీ కదా?" అని. "కరెంటు ఊరికే ఇస్తాండారు నాయనా. నీళ్ళు ఎవురిస్తారు?" అన్నాడు. మూడో బోరు అప్పు మా మావయ్య బెంగళూరులో ఉద్యోగం చేసి తీర్చాడు. విచిత్రం ఏంటంటే, "ఫ్రీబీస్ ఆపాలి" అని ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఫార్వర్డ్ పెట్టేది కూడా మావయ్యే.

తాత అన్న మాటని మన భాషలో చెప్పాలంటే, భూగర్భజలం షేర్డ్ రిసోర్స్. దాని మీద లాక్ లేదు. ప్రతి రైతు ఒక థ్రెడ్. నేను ఈరోజు తోడకపోతే రేపటికి నీళ్ళు ఉంటాయన్న గ్యారంటీ లేదు, పక్కవాడు తోడేస్తాడు. కాబట్టి ఆదా చేయడం అంటే పక్కవాడికి బహుమతి ఇవ్వడమే. ఇలాంటి ఆటలో తోడే ఖర్చు సున్నా చేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు. బోరుబావికి అనుమతి తీసుకోవాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ఊళ్ళో అడిగితే ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ.

అయితే మీటరు పెట్టి రేటు పెడితే సరిపోతుందా? పుస్తకం సరిపోతుంది అంటుంది. నాకు అనుమానం. నీళ్ళు పోతే తోట చస్తుంది, ఐదారేళ్ళ పెట్టుబడి పోతుంది. అలాంటప్పుడు యూనిట్‌కి రెండు రూపాయలు పెట్టినా రైతు మోటారు ఆపడు, అప్పు చేసి నడుపుతాడు. పెట్టుబడి ఉన్నవాడు లోతుకి వెళ్తాడు, లేనివాడు పోటీలోంచి తప్పుకుంటాడు. రేటు ఒక్కదానితో నీళ్ళు ఎంత మిగులుతాయో తెలియదు గానీ మిగిలే రైతులు ఎవరో మాత్రం తేలిపోతుంది.

ఉచితం వల్ల ఎవరికి ఎక్కువ లాభం అన్నది ఇంకో చిక్కు. మూడు బోర్లు ఉన్నవాడికి మూడింతలు, బోరు లేనివాడికి సున్నా, కూలికి వెళ్ళేవాళ్ళకి అసలు ఆ లైనులోనే చోటు లేదు. ఇది తెలిసే 2005 ప్రాంతంలో ప్రభుత్వం కొన్ని షరతులు పెట్టింది. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళకి, ఎక్కువ కనెక్షన్లు ఉన్నవాళ్ళకి ఉచితం లేదని, కెపాసిటర్లు బిగించుకోవాలని. షరతు పెట్టడం తేలిక, పొలానికి వెళ్ళి చూసేదెవరు?

మీటర్ల గొడవ మళ్ళీ 2020లో లేచింది. కరోనా టైమ్‌లో కేంద్రం రాష్ట్రాలతో, విద్యుత్ సంస్కరణలు చేస్తే అదనంగా అప్పు తెచ్చుకోవచ్చు అంది. ఆంధ్రప్రదేశ్ మోటార్లకి మీటర్లు పెట్టి, సబ్సిడీ డబ్బు రైతు ఖాతాలో వేసి, అక్కడి నుంచి డిస్కంకి పంపిస్తామని శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. తెలంగాణ ససేమిరా అంది, అక్కడ 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు నడుస్తోంది. 2023 ఎన్నికలకి ముందు మూడు గంటలా, 24 గంటలా అన్నదాని మీదే వారాల తరబడి మాటల యుద్ధం జరిగింది. నాకు నవ్వొచ్చే విషయం, 24 గంటలు ఇచ్చిన ప్రభుత్వమే రైతుల్ని ఆటో స్టార్టర్లు తీసేయమని బతిమాలింది. ఎందుకో పై పేరాలో ఉంది.

రైతుకి మీటరు అంటే ఎందుకంత భయమో నగరంలో చాలామందికి అర్థం కాదు. బిల్లు సున్నా అనే చెప్తున్నారు కదా, మరి భయం దేనికి? మీటరు పెట్టాక రేపు వచ్చే ప్రభుత్వం సున్నా స్థానంలో ఒకటి వేస్తే? ప్రభుత్వం సబ్సిడీ డబ్బు టైముకి వేయకపోతే కనెక్షన్ ఎవరిది పోతుంది? ఈ రెండో ప్రశ్న మనలో చాలామందికి బాగా తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడం ఆలస్యమైతే ఏ ఆఫీసూ ప్రభుత్వాన్ని నిలదీయదు, హాల్ టికెట్ దగ్గర నిలబడేది విద్యార్థే.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన బ్యాచ్‌లో ఎంతమంది సీట్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఉన్నాయో మీకే తెలుసు. నాది కూడా. ఆ పథకం జనాకర్షకమే. కానీ అది లేకపోతే ఇన్ని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు నిలబడేవా? డబ్బు ప్రభుత్వానిది, కాలేజీ ప్రైవేటుది. ఆరోగ్యశ్రీ కూడా అంతే, చాలా ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. ఇక మనం చేరాలనుకునే ఉద్యోగాలు హైటెక్ సిటీలో, అంటే ఆ సంస్కరణల ముఖ్యమంత్రి వేసిన పునాది మీద. క్యాంటీన్‌లో రెండు జట్లుగా విడిపోయి అరుచుకుంటున్నాం గానీ, మన ఒక్కొక్కరి ప్రొఫైల్లో రెండు పార్టీల సంతకాలూ ఉన్నాయి.

మరి చేయదగింది ఏమైనా ఉందా? సోలార్ పంపుసెట్లు అంటున్నారు. డిస్కం నష్టానికి అది మంచి మందే. నీళ్ళకి మాత్రం కాదు, ఎండ కూడా ఉచితమే కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోడొచ్చు. గుజరాత్ 2003లో జ్యోతిగ్రామ్ అని మొదలుపెట్టి ఊరి లైను వేరు, పొలం లైను వేరు చేసింది. పొలానికి రోజుకి ఇన్ని గంటలే, కానీ చెప్పిన టైముకి, మంచి వోల్టేజితో. రేటు బదులు గంటలకి పరిమితి. రేట్ లిమిటింగ్ అని మనం అనేది అదే. మన రెండు రాష్ట్రాల్లో గంటల మీద జరిగే చర్చ ఎప్పుడూ 'ఇంకా ఎక్కువ' వైపే వెళ్తుంది, అదే బాధ.

నాకు వీటన్నిటికంటే నచ్చింది అనంతపురంతో కలిపి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో జరిగిన ఏపీఎఫ్‌ఏఎమ్‌జీఎస్ అనే ప్రాజెక్టు. పేరు పలకడం కష్టం, పని మాత్రం సులువు. రైతులకే వాన కొలిచే గేజీలు, బోరులో నీటిమట్టం కొలిచే పరికరాలు ఇచ్చారు. వాళ్ళే కొలిచి, వాళ్ళే రాసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఈసారి భూమిలో ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంట వేస్తే ఎంత ఖర్చవుతుంది అని లెక్క వేసుకునేవారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు, రేటు పెట్టలేదు, కరెంటు ఉచితంగానే ఉంది. అయినా చాలా ఊళ్ళలో వరి తగ్గించి తక్కువ నీటి పంటలకి మారారు. మీటరు అంటే వణికే రైతే ఇక్కడ తన బోరుని తనే కొలుచుకున్నాడు. ఎందుకంటే ఆ అంకె డిస్కం సర్వర్‌కి వెళ్ళలేదు, ఊళ్ళో అందరికీ కనపడేలా ఊరిలోనే ఉంది.

కాబట్టి మీటర్ల గొడవలో నా ఓటు మోటారు దగ్గర మీటరుకి కాదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరుకి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పది, పదిహేను మోటార్లు ఉంటాయి. అక్కడ కొలిస్తే పొలాలకి పోయిన కరెంటు ఎంతో తేలుతుంది, మిగతా దొంగతనాలు 'వ్యవసాయం' కింద దాక్కోలేవు, ప్రభుత్వం 65వ సెక్షన్ కింద కట్టాల్సిన బిల్లు పక్కాగా వస్తుంది. ఏ రైతు పేరు మీదా కాగితం రాదు. ఆ మీటరు అంకెతో పాటు ఆ పది బోర్ల నీటిమట్టం కూడా నెలకోసారి పంచాయతీ గోడ మీద రాయాలి. దానికి పెద్ద యాప్ కూడా అవసరం లేదు, సుద్దముక్క చాలు. యాప్ కావాలంటే మాత్రం చెప్పండి, వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఇంకా టాపిక్ అనుకోలేదు, టీమ్‌లో రెండు ఖాళీలు ఉన్నాయి.